స్నేహితులతో ఐసు మీదికి పంపేముందు

నవంబరు చివరికొచ్చేసరికి టొరంటో సిటీ హాల్ ముందు, నేథన్ ఫిలిప్స్ స్క్వేర్‌లో ఉన్న నీటి కొలను స్కేటింగ్ రింకుగా మారిపోతుంది. ఫిన్లాండ్ వాస్తుశిల్పి విల్యో రెవెల్ గీసిన రెండు వంపు భవనాలు, కొలను మీదుగా వంగిన మూడు కాంక్రీటు కమానులు, 2015 పాన్ అమెరికన్ ఆటలప్పుడు మొదట పెట్టిన పెద్దపెద్ద 'టొరంటో' అక్షరాలు, అన్నీ ఆ రింకు పక్కనే. సాయంత్రం దీపాలు వెలిగాక బడిపిల్లలకి అంతకన్నా మంచి చోటు ఉండదు. "అమ్మా, శనివారం మా ఫ్రెండ్సంతా నేథన్ ఫిలిప్స్ స్క్వేర్‌కి స్కేటింగ్‌కి వెళ్తున్నారు, నేనూ వెళ్ళనా?" అనే ప్రశ్న మన ఇళ్ళలో మొదలయ్యేది అప్పుడే. బ్రాంప్టన్‌లో ఉంటే గేజ్ పార్క్ పేరు వినిపిస్తుంది, మిస్సిసాగాలో అయితే సెలబ్రేషన్ స్క్వేర్ పేరు.

మన నోటికి ముందుగా వచ్చే మాట "ఈ చలిలోనా?" తర్వాత "పడితే?" ఆ తర్వాత "శనివారం కూచిపూడి క్లాసుంది కదా." మూడూ న్యాయమైన మాటలే. కృష్ణా తీరంలోనో గోదావరి తీరంలోనో పెరిగిన మనకి గడ్డకట్టిన నీళ్ళ మీద ఆడుకోవటం అలవాటున్న సంగతి కాదు. హైదరాబాద్‌లో ఇందిరా పార్కులో రోలర్ స్కేటింగ్ నేర్చుకున్నవాళ్ళు కొందరున్నా, వాళ్ళకి కూడా ఇది కొత్తే. చక్రాల మీద నిలబడటం వచ్చినంత మాత్రాన బ్లేడు మీద ఆగటం రాదు.

ఒక్క సంగతి మాత్రం ఆలోచించండి. రెండు మూడుసార్లు రాలేనని చెప్పిన పిల్లని మిగతా పిల్లలు నాలుగోసారి పిలవరు. వాళ్ళకి కోపమేమీ ఉండదు, ఆ పిల్ల రాదులే అనుకుంటారు, అంతే. కెనడాలో చలికాలం నాలుగైదు నెలలు. ఆ నెలల్లో పిల్లలు బయట కలిసేది చాలావరకు ఐసు మీదే. టొరంటోలో నగరపాలక సంస్థ నడిపే ఆరుబయటి రింకులు యాభైకి పైగా ఉన్నాయి, వాటిలో స్కేటింగ్‌కి రుసుము లేదు. ఇంత దగ్గర్లో, ఖర్చు లేకుండా ఉన్న ఆటకి మన పిల్ల దూరమైతే ఆమెకి పోయేది ఆట ఒక్కటే కాదు, జనవరి నెలలో మాట్లాడుకునే మాటలూ పోతాయి.

ఇంకో చిక్కు ఉంది, ఇది పెద్దలకి తొందరగా కనపడదు. ఇక్కడ హాకీ ఆడే ఇళ్ళలో పిల్లలకి మూడు నాలుగేళ్ళకే స్కేట్స్ తొడుగుతారు. అమ్మానాన్నలకి రాని ఆట కాబట్టి మన ఇళ్ళలో అది తొమ్మిదో ఏటో పదో ఏటో మొదలవుతుంది. నాలుగేళ్ళ పిల్ల పడితే ఎవరూ చూడరు. పదేళ్ళ పిల్ల తన క్లాసువాళ్ళ ముందు పడితే, అందరూ చూశారనే అనుకుంటుంది. అందుకే కొందరు పిల్లలు అసలు అడగనే అడగరు. "నాకు స్కేటింగ్ ఇష్టం లేదు" అని తేల్చేస్తారు. మీ పిల్లో పిల్లవాడో ఆ మాట అంటే, ఎప్పుడూ ఎక్కని ఐసు మీద ఇష్టం లేకపోవటం ఎలా వచ్చిందో ఒకసారి నెమ్మదిగా కనుక్కోండి.

అందుకని నేను ప్రతి తల్లికీ తండ్రికీ చెప్పేది ఇదే. మొదటి పడటాలన్నీ ఇంట్లోవాళ్ళ ముందే జరగనివ్వండి. స్నేహితులతో వెళ్ళే శనివారానికి ముందు, మీ పేటలోని చిన్న రింకుకి, జనం లేని వేళ చూసుకుని, మీరే తీసుకెళ్ళండి. ఆదివారం పొద్దున్నో, వారం మధ్యలో సాయంత్రమో. చుట్టూ చెక్కగోడ ఉన్న రింకయితే పట్టుకోవటానికి ఆసరా ఉంటుంది. వీలైతే మీరూ స్కేట్స్ కట్టుకోండి. అమ్మ పడి, నవ్వి, మోకాళ్ళ మీద లేచి నిలబడటం కళ్ళారా చూసిన పిల్లకి పడటమంటే సిగ్గు సగానికి తగ్గుతుంది. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు, ఎముకలు గుల్లబారినవాళ్ళు, గర్భిణులు మాత్రం ఐసు ఎక్కొద్దు. వాళ్ళు ఒడ్డున ఉండి చేసే పని కూడా చాలానే ఉంది.

ముందు స్కేట్స్ సంగతి. మొదటి ఏడాది కొనకండి, లేదా సెకండ్ హ్యాండ్‌వి కొనండి. పిల్లల పాదాలు ఏటా పెరుగుతాయి. సిటీ హాల్ దగ్గర అద్దెకిస్తారు. మనవాళ్ళు ఎక్కువగా చేసే పని, వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని ఒక సైజు పెద్దవి తీసుకోవటం. బట్టల విషయంలో అది పొదుపే, స్కేట్స్ విషయంలో మాత్రం అది పిల్లని కష్టపెట్టటం. స్కేటు బూటు మామూలు బూటు సైజు కన్నా చిన్నదిగా ఉండటమే పద్ధతి. హాకీ స్కేట్స్ అయితే తరచుగా ఒక సైజు, ఒక్కోసారి ఒకటిన్నర తగ్గుతుంది. వేళ్ళు ముందు భాగానికి ఆనీ ఆననట్టు తగలాలి, మడమ కదలకూడదు. పిల్ల నిలబడగానే చీలమండలు లోపలికి వాలిపోతుంటే "మా అమ్మాయికి కాళ్ళల్లో బలం లేదండీ" అంటుంటాం. కాళ్ళ బలం సంగతి తర్వాత, ముందు బూటు వదులయిందేమో చూడండి, లేసులు కట్టింది సరిగా ఉందేమో చూడండి.

రెండు జతల సాక్సు కూడా వద్దు. రెండు జతలు కుక్కితే పాదం నలిగి, రక్తం సరిగా ఆడక, ఇంకా తొందరగా చల్లబడుతుంది. పలచటి జత ఒక్కటి చాలు. తడిసే అవకాశం ఉంది కాబట్టి పొడి జత ఇంకొకటి సంచిలో ఉంచండి.

లేసు కట్టటం ఎలాగో సెలబ్రేషన్ స్క్వేర్‌లో ఒక అమ్మమ్మగారిని చూస్తే తెలిసింది. చలికోటు మీద శాలువా, తలకి మంకీ క్యాపు, చేతి తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. మనవరాలిని బెంచీ మీద కూర్చోబెట్టి, ముందు ఆ పిల్ల మడమని నేలకి రెండుసార్లు కొట్టించారు, పాదం బూటులో వెనక్కి సర్దుకునేలా. వేళ్ళ దగ్గర లేసు కాస్త వదులుగానే ఉంచారు. అక్కణ్ణుంచి పైకి, జడ అల్లేటప్పుడు పాయ పాయనీ లాగి బిగించినట్టు, ఒక్కో కన్నం దగ్గరా రెండు వైపులా లాగుతూ వచ్చారు. పాదం వంపు దగ్గర, చీలమండ మలుపు దగ్గర ఎక్కువ బిగువు. పైన చివరి కన్నాల దగ్గరికొచ్చాక మళ్ళీ ఒక వేలు దూరేంత సందు వదిలి ముడేశారు. "నొప్పెడుతోందా తల్లీ?" "లేదమ్మమ్మా." "వేళ్ళు కదులుతున్నాయా?" "ఆఁ." "ముందుకి వంగు చూద్దాం, మోకాలు వంగుతోందా?" వంగింది. "సరే, ఇహ లే." ఆవిడ ఐసు మీద అడుగు పెట్టలేదు. ఆ మనవరాలు మాత్రం ఆ సాయంత్రమంతా తిన్నగా నిలబడింది.

పైన సందు ఎందుకంటే, స్కేటింగ్‌లో మోకాలు వంగాలి. మోకాలు వంగాలంటే చీలమండ ముందుకి కాస్త ఒరగాలి. పైదాకా బిగించేస్తే పిల్ల నిటారుగా నిలబడుతుంది, నిటారుగా నిలబడ్డ మనిషి వెనక్కి పడతాడు. వెనక్కి పడితే తగిలేది తలకి. పాదం వంపు దగ్గర మరీ పిసికేసేంత బిగించినా పాదం తిమ్మిరెక్కుతుంది. మొదటి పది నిమిషాలయ్యాక ఒకసారి కూర్చోబెట్టి లేసులు సవరించాలి, తోలు సాగుతుంది కదా.

ఫిగర్ స్కేట్సా, హాకీ స్కేట్సా అని అడుగుతుంటారు. ఏదైనా పరవాలేదు. ఫిగర్ స్కేటు బ్లేడు ముందు భాగంలో రంపంలాంటి పళ్ళుంటాయి. కొత్తవాళ్ళు ముందరి కాలివేళ్ళతో తోసుకుంటే అవి ఐసులో గుచ్చుకుని బొక్కబోర్లా పడేస్తాయి. హాకీ స్కేటులో అవి ఉండవు, కానీ బ్లేడు రెండు కొసలా గుండ్రంగా ఉంటుంది కాబట్టి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఏది తీసుకున్నా పదును ఉందో లేదో చూసుకోండి. బ్లేడు అడుగున నిలువునా సన్నటి గాడి, దానికి రెండు వైపులా రెండు అంచులు. ఐసుని పట్టుకునేవి ఆ అంచులే. అవి అరిగిపోతే ఎంత నేర్చినవాడైనా పక్కకి జారిపోతాడు. కొట్టునుంచి తెచ్చిన కొత్త స్కేట్స్‌కి కూడా చాలాసార్లు పదును పెట్టించాల్సే ఉంటుంది. ఈ సంగతి తెలియక కొత్త జత వేసుకుని ఏడ్చే పిల్లలు ఎందరో.

ఇక ఐసు మీద. ముందు పడటం నేర్పండి, నడక తర్వాత. "పడబోతున్నావనిపిస్తే మోకాళ్ళు వంచి కూలబడిపో, పక్కకి, తుంటి మీదికి" అని చెప్పి, నిలబడ్డచోటే నాలుగైదుసార్లు కావాలని పడనివ్వండి. చెయ్యి చాపి ఆపుకోబోతే మణికట్టు మీద బరువంతా పడుతుంది. స్కేటింగ్‌లో ఎముక విరిగితే తరచుగా విరిగేది అక్కడే. కావాలంటే మణికట్టు గార్డులు దొరుకుతాయి. పడ్డాక వేళ్ళు ముడిచి పిడికిలి బిగించమనండి, పక్కనుంచి వెళ్ళే బ్లేడు కిందికి వేళ్ళు రాకుండా. లేవటం ఇలా: ముందు మోకాళ్ళ మీదికి రావాలి, ఒక పాదం ఐసు మీద ఆనించాలి, రెండు చేతులూ ఆ మోకాలి మీద పెట్టి నొక్కి లేవాలి. మీరు చెయ్యి పట్టి లాగకండి. లాగితే ఇద్దరూ పడతారు. పైగా శనివారం మీరక్కడ ఉండరు.

అడుగు వేయటంలో ఒక మెలకువ ఉంది. నేల మీద నడిచేటప్పుడు పాదంతో వెనక్కి తోస్తాం. ఐసు మీద వెనక్కి తోస్తే బ్లేడు జారిపోతుంది, మనిషి ముందుకి కదలడు. పక్కకి తోయాలి. మడమలు దగ్గరగా, వేళ్ళు దూరంగా పెట్టి, ఒక కాలితో పక్కకి తోసి రెండో కాలి మీద జారాలి. ఇది అర్థమైన క్షణం పిల్ల మొహంలో తెలిసిపోతుంది. వెనకనుంచి చంకల కింద పట్టుకుని మోయటం మాత్రం మానండి. పిల్ల బరువంతా మీ మీదికి, అంటే వెనక్కి, అలవాటవుతుంది. పక్కన ఉండి ఒక చెయ్యి ఇస్తే చాలు. కొన్ని రింకుల్లో తోసుకుంటూ వెళ్ళే ప్లాస్టిక్ ఆసరాలు ఇస్తారు. కాసేపటికి మంచివే, రోజంతా వాటి మీద వాలనివ్వకండి.

హెల్మెట్ విషయంలో బేరం లేదు. టొరంటో నగర రింకుల్లో ఆరేళ్ళలోపు పిల్లలకీ, కొత్తగా నేర్చుకునేవాళ్ళకీ హెల్మెట్ నిబంధన ఉంది. పదేళ్ళ పిల్ల "ఎవరూ పెట్టుకోరమ్మా" అంటుంది. కొత్తగా నేర్చుకుంటున్నన్నాళ్ళూ పెట్టుకోవాల్సిందే అని చెప్పండి, అక్కడి నిబంధన కూడా అదేనని చెప్పండి. సైకిల్ హెల్మెట్ కన్నా హాకీ హెల్మెట్ మేలు. తల వెనక భాగాన్ని బాగా కప్పుతుంది, పదేపదే తగిలే దెబ్బలకి తట్టుకునేలా చేసింది. దాని కింద పలచటి టోపీయే వేయాలి. బామ్మ అల్లిన లావుపాటి ఉన్ని టోపీ మీద పెడితే హెల్మెట్ ఊగుతుంది. ఆ టోపీ బెంచీ మీద కూర్చున్నప్పటికి ఉంచండి.

చలి గురించి మన భయం కొంచెం ఎక్కువ, మన జాగ్రత్త కొంచెం తక్కువ. చలిగాలికి జలుబు చేస్తుందని మానిపిస్తాం. జలుబు తెచ్చేవి వైరస్‌లు, అవి మూసిన గదుల్లోనే సులువుగా అంటుకుంటాయి. చలి చేసే అసలు హాని వేరు. గాలితో కలిపి చూసే విండ్ చిల్ మైనస్ 28కి దిగితే, కప్పని చర్మానికి పది నుంచి ముప్పై నిమిషాల్లో ఫ్రాస్ట్‌బైట్ రావచ్చని కెనడా వాతావరణ శాఖ చెబుతుంది. అలాంటి రోజు మానుకోమనండి, పిల్లలు వింటారు. మామూలు చలిరోజున వెళ్ళనివ్వండి. జీన్స్ ప్యాంటు మాత్రం వద్దు. పడ్డప్పుడు తడుస్తుంది, తడిసిన నూలుబట్ట ఒంట్లో వేడి లాగేస్తుంది. లోపల థర్మల్స్, మధ్యలో ఉన్నిదో ఫ్లీసుదో, పైన నీళ్ళు పట్టని స్నో ప్యాంటు. వేళ్ళు విడివిడిగా ఉండే గ్లోవ్స్ కన్నా నాలుగు వేళ్ళూ కలిసుండే మిట్టెన్స్ వెచ్చన. పొడుగాటి స్కార్ఫు వేలాడితే ప్రమాదం, నెక్ వార్మర్ వేయండి.

వేళ్ళు, చెవులు, ముక్కు చూసుకోవటానికి మంచి సమయం ఐసుని నున్నగా చేసే జాంబోనీ బండి వచ్చినప్పుడు. ఆ బండి రింకులోకి వస్తే అందరూ బయటికి రావాలి, పిల్లలకి అది తప్పనిసరి విరామం. ఫ్రాంక్ జాంబోనీ అనే ఆయన 1949లో కాలిఫోర్నియాలోని పారమౌంట్‌లో తన రింకు కోసం దాన్ని తయారుచేశాడు. అంతకుముందు ఐసుని చెక్కి, కడిగి, కొత్తనీళ్ళు పోసి నున్నగా చెయ్యటానికి కొంతమంది పనివాళ్ళకి గంటకి పైగా పట్టేది. ఆ బండి పై పొర చెక్కేసి, వెనక పలచగా వేడినీళ్ళు పరుచుకుంటూ పోతుంది. వేడినీళ్ళెందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు. వేడినీళ్ళు కింది ఐసు పైపొరని కొద్దిగా కరిగించి దానితో బాగా కలిసిపోతాయి, గాలి బుడగలు తక్కువ కాబట్టి ఐసు గట్టిగా వస్తుంది. ఆ చూసే కాసేపట్లో మిట్టెన్స్ తీయించండి. చర్మం తెల్లబారి స్పర్శ లేకపోతే లోపలికి తీసుకెళ్ళి గోరువెచ్చగా వేడి చేయాలి, రుద్దకూడదు. బండి వెళ్ళిన వెంటనే ఐసు తడిగా, బాగా జారుడుగా ఉంటుంది. కొత్తవాళ్ళు ఇంకో ఐదు నిమిషాలు ఆగి ఎక్కితే మేలు.

ఇదంతా అయ్యాక ఆ శనివారం వస్తుంది. మీరూ వెంట వెళ్ళాల్సిన వయసే అయితే వెళ్ళండి, కానీ రింకు అంచున నిలబడి "జాగ్రత్త! అటు వెళ్ళకు! నిదానం నాన్నా!" అని అరవకండి. పిల్ల మీ వైపు తిరిగి చూస్తుంది, తిరిగి చూసినప్పుడే పడుతుంది. స్నేహితుల ముందు అమ్మ అరుపు ఆ పడటం కన్నా ఎక్కువ నొప్పి. వీడియోలు కూడా తీయకండి. ఊళ్ళో తాతగారికి పంపాలని మీకుంటుంది. మొదటిసారి ఇంటివాళ్ళతో వెళ్ళినప్పుడు కావలసినన్ని తీసుకోండి. ఈ పూట దూరంగా బెంచీ మీద కూర్చుని, కనపడేలా, వినపడకుండా ఉండండి. పడితే వెంటనే పరుగెత్తకండి. లేస్తుంది, లేకపోతే ఒక స్నేహితురాలు వచ్చి చెయ్యిస్తుంది. ఆ చెయ్యి కోసమే ఆమె అక్కడికి వెళ్ళింది.

రింకు మర్యాదలు ముందే చెప్పి పంపండి. అందరూ ఒకే వైపు తిరుగుతారు, ఎదురు వెళ్ళకూడదు. దారి మధ్యలో ఆగకూడదు. ఐదారుగురు చేతులు పట్టుకుని గొలుసుగా తిరగటం పిల్లలకి మహా సరదా, కానీ చివర ఉన్నవాళ్ళు విసురుగా ఎగిరిపడతారు. ఆ చివర కొత్తగా నేర్చుకున్న మన పిల్లే ఉంటుంది సాధారణంగా. "ఇద్దరిద్దరుగా పట్టుకోండి" అనండి.

పన్నెండు పదమూడేళ్ళొచ్చాక పెద్దలు లేకుండా వెళ్తామంటారు. సిటీ హాల్ రింకు సబ్‌వేలో క్వీన్, ఆస్‌గుడ్ స్టేషన్ల మధ్య ఉంది, రెంటికీ నడిచే దూరమే. మిగతా పిల్లల అమ్మానాన్నలకి ఒక ఫోన్ చేయటానికి మొహమాటపడకండి. ఒకళ్ళు దింపితే ఇంకొకళ్ళు తీసుకొస్తామనండి. చలికి ఫోను బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది. అందుకని ఎన్ని గంటలకి, ఎక్కడ కలవాలో బయల్దేరే ముందే తేల్చుకోండి, ఫోన్ ఆగినా ఆ మాట ఆగకూడదు. ఫోనుని కోటు లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోమనండి.

ఒక మాట నిష్ఠూరంగా అనిపించినా చెప్పాలి. అబ్బాయి అడిగితే "ఎనిమిదింటికల్లా వచ్చెయ్యి" అని, అమ్మాయి అదే వయసులో అడిగితే "అంత దూరం ఒక్కదానివీ ఎందుకమ్మా" అని, ఇంట్లో రెండు లెక్కలు నడుస్తుంటాయి. ఐసు ఇద్దరికీ ఒకటే, సబ్‌వే ఇద్దరికీ ఒకటే. భయముంటే ఆ ఏర్పాట్లేవో ఇద్దరికీ చేయండి. అమ్మాయి కళ్ళ ముందు అన్న బూట్లు తొడుక్కుని వెళ్ళిపోవటం ఆమె చాలా ఏళ్ళు గుర్తు పెట్టుకుంటుంది.

శనివారం క్లాసు సంగతి కూడా. కూచిపూడి, తెలుగు బడి, లెక్కల ట్యూషను, అన్నీ మనం ప్రేమతో పెట్టినవే. అవి మానమని నేననను. చలికాలంలో రెండు మూడు శనివారాలు గురువుగారికి ముందే చెప్పి ఖాళీ ఉంచండి. స్నేహితుల మధ్య హాయిగా ఉన్న పిల్ల ఆ క్లాసుల్లో కూడా హాయిగా ఉంటుందని నా నమ్మకం.

ఇప్పుడు నా మనసులో అన్నిటికన్నా బరువైన సంగతి. చిన్న గీరు కనపడగానే "చెప్పానా? ఇంక స్కేటింగ్ లేదు, గీటింగ్ లేదు" అన్న ఇంట్లో, పెద్ద దెబ్బ తగిలినప్పుడు పిల్ల చెప్పదు. ఒంటారియోలో 2018లో రోవన్స్ లా అనే చట్టం చేశారు. ఒటావాలో రగ్బీ ఆడే రోవన్ స్ట్రింగర్ అనే అమ్మాయి 2013లో పదిహేడేళ్ళకి చనిపోయింది. కొద్ది రోజుల తేడాలో తలకి దెబ్బ మీద దెబ్బ తగిలి, మొదటిది మానకముందే మళ్ళీ ఆడటం వల్ల. ఆ పేరుతోనే ఈ రాష్ట్రంలో ఆటల్లో తలదెబ్బల నిబంధనలు వచ్చాయి, మన పిల్లలు బడిలో దీని గురించి వింటారు. ఇంట్లో కూడా వినాలి. "తలకి దెబ్బ తగిలితే నాకు చెప్పు. తిట్టను. తగ్గాక మళ్ళీ పంపిస్తాను" అని ఐసు ఎక్కకముందే మాటివ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగటం, వెలుతురు చూడలేకపోవటం, అడిగిందే మళ్ళీ అడగటం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకి ఆట ఆపి డాక్టరుకి చూపించాలి. వాంతులు ఆగకపోయినా, మూర్ఛ వచ్చినా, లేపితే లేవకపోయినా ఆలస్యం చేయకుండా 911కి ఫోన్ చేయాలి. మణికట్టు వాచి వేళ్ళు కదపలేకపోతే ఎక్స్‌రే తీయించాలి, నూనె రాసి మర్దనా చేయకూడదు.

నగర రింకులో ఐసు కింద కాంక్రీటు ఉంటుంది, అందులో శీతలీకరణ గొట్టాలుంటాయి. పగుళ్ళు పడినా పిల్ల నీళ్ళల్లో పడదు. చెరువు అలా కాదు. 2022 డిసెంబరు 26న అమెరికాలో అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ సరస్సులో ఐసు విరిగి ముగ్గురు తెలుగువాళ్ళు చనిపోయారు. సెలవుల్లో కుటుంబాలతో సరదాగా వెళ్ళినవాళ్ళు. ఆ వార్త చదివి మనలో చాలామంది "అందుకే మా పిల్లల్ని మంచు మీదికి పంపం" అనుకున్నారు. ఆ దుఃఖం నుంచి నేర్చుకోవాల్సింది రింకు మానటం కాదు, రింకుకీ చెరువుకీ ఉన్న తేడా పిల్లలకి గట్టిగా చెప్పటం. సహజమైన ఐసు మీద ఒక్క మనిషి నడవాలన్నా కనీసం 15 సెంటీమీటర్ల మందం, నలుగురు కలిసి ఆడాలంటే 20 ఉండాలని రెడ్‌క్రాస్ చెబుతుంది. ఒటావాలో 7.8 కిలోమీటర్ల రిడో కాలువ మీద స్కేటింగ్ తెరవాలంటే అక్కడివాళ్ళు 30 సెంటీమీటర్ల మంచి ఐసు ఉండాలంటారు. 2023 చలికాలంలో అది రాలేదు, 1971లో మొదలయ్యాక మొదటిసారి ఆ ఏడాది అసలు తెరవలేదు. రోజూ కొలిచేవాళ్ళే వద్దన్నారంటే, పైనుంచి చూసి మనం ఏం చెప్పగలం?

బ్రాంప్టన్‌లో, మిల్టన్‌లో, మార్కమ్‌లో కొత్త కాలనీల వెనక వాననీటి చెరువులుంటాయి, వాటి గురించి మరీ మరీ చెప్పండి. పైకి గట్టిగా కనిపిస్తాయి. కిందనుంచి నీళ్ళు పారుతూనే ఉంటాయి, రోడ్ల మీద చల్లిన ఉప్పు అందులోకే చేరుతుంది. ఒకచోట మందంగా ఉంటే నాలుగడుగుల అవతల పలచగా ఉంటుంది. ప్రమాదమని బోర్డు పెట్టి ఉంటారు. "పక్కింటి అబ్బాయి ఎక్కాడు" అని మీవాడు అంటాడు. అక్కడ మాత్రం అరవండి. ఎంత గట్టిగా అరిచినా తప్పులేదు.

పిల్లలు ఇంటికొచ్చాక స్కేట్స్ సంచిలోనే వదిలేస్తే రాత్రికి రాత్రి తుప్పు మొదలవుతుంది. గట్టి ప్లాస్టిక్ తొడుగు తీసేసి, బ్లేడు గుడ్డతో తుడిచి, గుడ్డ తొడుగు వేసి ఆరబెట్టాలి. ఆ పని పిల్లలకే వదలండి. తుడుస్తూ మాట్లాడతారు. ఎన్నిసార్లు పడ్డావని అడక్కండి, ఎవరెవరు వచ్చారో అడగండి. ఆ పేర్లలో మొన్న వేసవిలో ఊరికొచ్చిన పిల్ల ఒకతి ఉండవచ్చు, హైదరాబాద్ నుంచో, ఇంకో దేశం నుంచో, బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయిన పిల్ల. పోయిన ఏడాది ఈ రోజుల్లో మీ పిల్ల ఎక్కడుందో ఇవాళ ఆ పిల్ల అక్కడుంది. లేసు ఎక్కడ బిగించాలో, ఎలా పడాలో, ఆమెకి మనందరికన్నా మీ పిల్లే బాగా చెప్పగలదు. ఆ పిల్ల వాళ్ళమ్మ నంబరు కనుక్కోండి. వచ్చే ఆదివారం పొద్దున, మీ పేట రింకులో జనం రాకముందే, ఇద్దరినీ కలిపి తీసుకెళ్ళండి.